పాత సైకిల్‌ని ఆఫీసు సైకిల్‌గా మార్చుకునేటప్పుడు డబ్బు ముందు దేనికి పెట్టాలి

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లిలో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు, రానూపోనూ 16 కిలోమీటర్ల దాకా. రోజూ సైకిల్ మీదే వెళ్లాలనుంది. ఊళ్లో తాతగారి 28 సైజు హెర్క్యులెస్ ఉంది, రాడ్ బ్రేకులది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ముందూ వెనకా షాకప్‌లున్న 21 గేర్ల 26 సైజు సైకిల్ 3,500కి ఇస్తానంటున్నారు. రెండిట్లో ఏది మేలు, ఇంకో 5,000 లోపు ఏమేం మార్చాలి, డిస్క్ బ్రేకులు పెట్టించుకోవచ్చా, తర్వాత ఎలక్ట్రిక్ కిట్టు బిగించుకోవచ్చా అని.

నేను సైకిల్ షాపులో పెరిగినవాణ్ణి. రోజూ సైకిల్ మీదే పనికి వెళ్తాను, సెలవు రోజుల్లో తెలిసినవాళ్ల పాత సైకిళ్లు బాగుచేసి పెడుతుంటాను. ఉత్సాహంగా పాత సైకిల్ కొని రెండు నెలలకే బాల్కనీలో పెట్టేసినవాళ్లని చాలామందిని చూశాను. గేర్లు చాలక మానేసినవాళ్లు అందులో ఒక్కరూ లేరు. మోకాళ్లు నొప్పెట్టి మానేశారు, బ్రేకు మీద నమ్మకం లేక మానేశారు, వీపున బ్యాగుతో చొక్కా తడిసి ముద్దయి మానేశారు. కాబట్టి మీ 5,000 ముందు ఈ మూడింటికే వెళ్లాలి. రంగు, స్టిక్కర్లు, కొత్త గేర్లు ఆ తర్వాత.

ముందుగా, ఆ వెనక షాకప్ సైకిల్ వదిలేయండి. ఆ ధరలో వెనక షాకప్ అంటే ఫ్రేమ్‌ని రెండు ముక్కలు చేసి ఒక బోల్టుతో కలిపి మధ్యలో స్ప్రింగు పెట్టడమే. బోల్టు దగ్గరి బుష్షు అరిగితే వెనక చక్రం పక్కలకి ఊగడం మొదలుపెడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీరు పెడల్ మీద వేసే బరువులో కొంత ఆ స్ప్రింగు నొక్కడానికే పోతుంది. వీటికన్నా పెద్ద చిక్కు క్యారియర్‌ది. మామూలు క్యారియర్ కాళ్లు వెనక యాక్సిల్ దగ్గర, పై కొస సీటు కింద ఫ్రేమ్‌కి బిగుస్తాయి. వెనక షాకప్ ఉంటే ఈ రెండు చోట్లూ వేర్వేరుగా కదులుతాయి, ఇక క్యారియర్ ఎక్కడ నిలుస్తుంది? క్యారియర్ పట్టని సైకిల్ ఆఫీసుకు పనికిరాదని నా ఖచ్చితమైన అభిప్రాయం.

అదే డబ్బుకి మామూలు ఇనప ఫ్రేమ్, వెనక షాకప్ లేని 26 సైజు సైకిల్ వెతకండి. ముందు షాకప్ ఉన్నా సర్దుకుపోవచ్చు, లేకపోతే ఇంకా మంచిది. పెద్ద అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గాలి లేకుండా, దుమ్ము పట్టి నిలబడి ఉన్న సైకిళ్లలో సగం ఇలాంటివే. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక వాటిని ఎవరూ ముట్టుకోరు. వాచ్‌మన్‌ని అడగండి, అసోసియేషన్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టించండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ దొరుకుతాయి కానీ, ఎక్కడ కొన్నా బిల్లు గానీ, అమ్మినవాళ్ల సంతకంతో కాగితం గానీ లేకుండా తీసుకోకండి. పెడల్స్ తిరిగే ఇరుసు గొట్టం కింద, లేదంటే సీటు గొట్టం మీద ఫ్రేమ్ నంబరు కొట్టి ఉంటుంది. అది ఆ కాగితం మీద ఉండాలి. గీకేసిన నంబరు కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయండి.

ఇక తాతగారి సైకిల్. దాన్ని తక్కువ చేసి చెప్పను. విజయవాడ, భీమవరం, కాకినాడ లాంటి చదును ఊరైతే అదే తీసుకోమనేవాణ్ణి. చైన్‌కి పూర్తి కవరు, నిండు మడ్‌గార్డులు, బలమైన క్యారియర్, నిలకడైన స్టాండు, నిటారుగా కూర్చునే భంగిమ. ఇవాళ మనం డబ్బు పెట్టి బిగించుకునేవన్నీ దానికి పుట్టుకతోనే ఉన్నాయి. వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు చక్రానికి 32. బరువంతా వెనకే పడుతుందని ఆలోచించి చేసిన లెక్క అది. అయితే బరువు 20 కిలోల పైమాట. మీ దారిలో ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు ఉన్నాయి. ముందు 44 పళ్ల చైన్ వీల్, వెనక 18 పళ్ల ఫ్రీవీల్ (వెనక చక్రానికి చైన్ పట్టే పళ్ల చక్రం) ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ ఐదున్నర మీటర్లు ముందుకెళ్తుంది. ఎత్తు మీద అది మోకాళ్లకి భారం. అదే వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే చుట్టుకి నాలుగున్నర మీటర్లవుతుంది, ఎక్కడం తేలికవుతుంది. చైన్‌కి కాస్త లింకు కలపాల్సి వస్తుంది, అంతే.

దాని బ్రేకుల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. "రాడ్ బ్రేకులు తీసేసి కేబుల్ బ్రేకులు పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ముని లోపలి వైపు నుంచి, అంటే హబ్ (పుల్లలన్నీ కలిసే చక్రం నడిమి భాగం) వైపు నుంచి పట్టుకుంటాయి. అందుకే ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి. కేబుల్ బ్రేకు రబ్బర్లు పక్క నుంచి నొక్కుతాయి, వాటికి చదునైన పక్క కావాలి. గుండ్రటి పక్క మీద అవి జారతాయి. రిమ్ము కూడా మార్చాలంటే 40 పుల్లల హబ్‌కి మామూలు 36 రంధ్రాల రిమ్ము పట్టదు. ఇలా ఒకటి మార్చబోతే ఇంకొకటి, చివరికి సగం సైకిల్ మారిపోతుంది. పైగా క్రోమ్ పూసిన ఇనప రిమ్ము వానలో తడిస్తే ఏ రబ్బరూ గట్టిగా పట్టదు. మాదాపూర్ ట్రాఫిక్‌లో, వానాకాలంలో ఆ బ్రేకుల మీద ఆధారపడమని మీకు చెప్పలేను. తాతగారి సైకిల్‌ని ఓవరాలింగ్ చేయించి, ఉన్నది ఉన్నట్టుగా ఊళ్లోనే వాడుకోండి.

కొనబోయే సైకిల్ దగ్గర పది నిమిషాలు గడపండి. మొదట సీటు రాడ్ బోల్టు వదులు చేసి, రాడ్ పైకీ కిందకీ కదులుతోందో లేదో చూడండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న రాడ్ తుప్పుతో ఫ్రేమ్‌లో బిగుసుకుపోతుంది. అప్పుడు మీ ఎత్తుకి సీటు పెట్టుకోవడం కుదరదు. కదలకపోతే, మిగతాదంతా ఎంత బాగున్నా వద్దు. తర్వాత హ్యాండిల్ గొట్టానికి వెనక, ఫ్రేమ్ గొట్టాలు కలిసేచోట కింది వైపు వేలితో తడమండి. రంగు ముడతలు పడి ఉంటే, గొట్టం ఉబ్బినట్టుంటే ఆ సైకిల్ ఎక్కడో ఎదురుగా గుద్దుకుంది. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు ఆగితే అక్కడి బేరింగు కప్పులు అరిగాయని అర్థం. అవి మార్చుకోవచ్చు, ధర తగ్గించమని అడగడానికి కారణమూ అవుతుంది. పెడల్ క్రాంకుని పక్కలకి ఊపితే లటలట అంటోందా? అదీ బాగయ్యేదే. చైన్‌ని స్కేలుతో కొలవండి: ఒక పిన్ను నడిమి నుంచి మొదలుపెడితే 24 పిన్నుల తర్వాతి పిన్ను నడిమి సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త చైన్ పాత పళ్ల మీద ఎగిరిపోతుంది.

ఇంటికి తెచ్చాక చేయాల్సిన మొదటి పనికి పైసా ఖర్చు లేదు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్ కింది కొసకి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకి వాలకూడదు. అదే మీ సీటు ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. మనవాళ్లలో ఎక్కువమంది రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించేస్తారు, మోకాలి చిప్ప ముందు నొప్పి అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. రాడ్ పైకి లాగేటప్పుడు దాని మీద గీసి ఉన్న హద్దు గీత ఫ్రేమ్ బయటికి రాకూడదు. హ్యాండిల్ కూడా సీటంత ఎత్తుకి గానీ, ఒక అంగుళం పైకి గానీ తెచ్చుకోండి. తిన్నటి హ్యాండిల్‌తో మణికట్లు నొప్పెడితే, చివర్లు వెనక్కి తిరిగిన హ్యాండిల్ వేయించండి. ఆఫీసు ప్రయాణానికి అంత సుఖం మరోటి లేదు. సీటు మీద మందపాటి జెల్ కవర్లు మాత్రం వేయకండి. అవి తొడల మధ్య ఒరుసుకుంటాయి, వానకి నీళ్లు పీల్చుకుని రోజంతా తడిగా ఉంటాయి.

ఇప్పుడు టైర్లు. పాత సైకిల్ స్వభావాన్ని ఒక్కసారిగా మార్చేవి ఇవే. రేంజర్ రకం (లావు టైర్ల 26 సైజు) సైకిళ్లకి ముద్దలు ముద్దలుగా ఉండే మట్టిరోడ్డు టైర్లు వస్తాయి. తారు రోడ్డు మీద అవి గుయ్యిమని మోత పెడుతూ మీ కష్టాన్ని మింగేస్తాయి. వాటి బదులు నున్నటి, సన్న గాట్లున్న టైర్లు వేయించండి. వెడల్పు 1.5 నుంచి 1.75 అంగుళాల మధ్య. అంతకన్నా సన్నవి మన గుంతలకి, స్పీడ్ బ్రేకర్లకి, రోడ్డు కన్నా కిందికి దిగిన మ్యాన్‌హోల్ మూతలకి తట్టుకోవు.

కొనేముందు టైరు పక్కన రాసి ఉన్న అంకె చూసుకోండి. "26 సైజు" అని అడిగి తెచ్చుకుంటే మోసపోవచ్చు. 26 పేరుతో ఒకదానికొకటి పట్టని సైజులు మన దగ్గర తిరుగుతున్నాయి. రేంజర్ రకం వాటి మీద 559 అని ఉంటుంది. 26 × 1⅜ అనేది 590, 26 × 1½ అనేది 584. ఈ మూడంకెల సంఖ్య రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం, మిల్లీమీటర్లలో. తాతగారి పెద్ద సైకిల్‌ది 635, కొత్త హైబ్రిడ్ సైకిళ్లది 622. ఆ సంఖ్యని ఫోన్‌లో ఫోటో తీసుకుని షాపులో చూపించండి. కోఠి ఇసామియా బజార్ వైపు సైకిల్ దుకాణాల్లో కాస్త ఓపిగ్గా అడిగితే పాత సైజులు కూడా దొరుకుతాయి.

ట్యూబు మార్చేటప్పుడు వాల్ ట్యూబ్ ఉండే పాత రకం కాకుండా, బైకులకి ఉండే మోటారు వాల్వు ఉన్నది తీసుకోండి, రిమ్ము రంధ్రం సరిపోతే. పెట్రోలు బంకులో కూడా గాలి పెట్టుకోవచ్చు. కానీ బంకు గొట్టాన్ని ఒక్కో క్షణం పట్టి తీసేస్తూ నింపాలి, సైకిల్ ట్యూబు చిన్నది, క్షణాల్లో పేలిపోతుంది. 70-80 కిలోల మనిషికి 1.75 టైరులో వెనక 50, ముందు 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర బాగుంటుంది, టైరు మీద రాసిన హద్దు దాటకుండా. గాలి వారానికోసారి చూడాలి. తక్కువ గాలితో గుంతలో పడితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలి టేపు కూడా మార్పించండి. పుల్లల కొసలు పొడుచుకుని మాటిమాటికీ పంక్చర్ అయ్యే సైకిళ్లకి అసలు కారణం ఆ టేపే.

టైర్లు విప్పారు కాబట్టి, అదే రోజు హబ్‌లు కూడా విప్పించండి. "గ్రీజు బాగానే ఉంది సార్" అన్నా విప్పించండి. పాత సైకిల్ లోపల గ్రీజు గట్టిపడి, ఇసుక చేరి, బాల్స్ మీద చుక్కలు చుక్కలుగా గుంటలు పడి ఉంటాయి. ఎక్కువ సైకిళ్లలో ముందు హబ్‌లో 3/16 అంగుళం బాల్స్, వెనక 1/4 అంగుళం బాల్స్. పాతవి కడిగి మళ్లీ వేయనివ్వకండి, కొత్తవి చాలా చవక. కోన్ (యాక్సిల్ మీద బాల్స్‌ని పట్టి ఉంచే నట్టు) మీద బాల్ తిరిగే దారిలో గోరుతో గీరితే గుంట తగులుతుందేమో చూసి, తగిలితే అదీ మార్పించండి. బిగించాక పరీక్ష ఇదీ: చక్రం గాల్లో ఉంచి వదిలేస్తే, వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, వాల్వు కిందికి వచ్చి, అటూఇటూ కొంచెం ఊగి ఆగాలి. మధ్యలో ఎక్కడో నిలిచిపోతే కోన్ బిగుతు ఎక్కువైంది. రిమ్ము పట్టుకుని పక్కలకి ఊపితే టకటక అంటే వదులైంది. ఈ రెండిటి మధ్య సరిగ్గా నిలిపే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి, అడిగినదానికన్నా పది ఎక్కువే ఇవ్వండి.

వెనక యాక్సిల్ వంగిందేమో కూడా అప్పుడే చూడాలి. ఫ్రీవీల్ మరబిగించే గేర్ల హబ్‌లో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, దాని అవతల యాక్సిల్‌కి ఏ ఆసరా లేదు. మనిషి బరువు, బ్యాగు బరువు, గుంతలు కలిసి దాన్ని వంచేస్తాయి. వంగినదాన్ని సుత్తితో తిన్నగా చేయించొద్దు, కొత్తది వేయించండి.

బ్రేకులకి వస్తే, డిస్క్ ఆలోచన మానేయండి. దానికి ఫ్రేమ్ మీద, ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టే కాళ్లు) మీద క్యాలిపర్ (డిస్క్ ప్లేటుని నొక్కి పట్టే భాగం) బిగించే చెవులు ఉండాలి, హబ్‌కి ప్లేటు బిగించే చోటుండాలి. ఏదీ లేని సైకిల్‌కి క్లాంపులతో డిస్క్ తగిలిస్తే, గట్టిగా పట్టినప్పుడు సన్నటి గొట్టం మీద పడే ఒత్తిడిని ఆ క్లాంపు ఆపలేదు. అల్యూమినియం రిమ్ము మీద మంచి వీ బ్రేకులు (రెండు పొడుగాటి చేతులతో రిమ్ముని పక్కల నుంచి నొక్కే కేబుల్ బ్రేకులు), కొత్త రబ్బర్లు, కొత్త కేబుళ్లు, కేబుల్ పైన తొడుగు కూడా కొత్తది. 25 కిలోమీటర్ల లోపు వేగానికి వానలో కూడా ఇవి చాలు. ఒక్క షరతు: పాత రకం బ్రేకు లివర్లతో వీ బ్రేకులు వాడకండి. వీ బ్రేకుకి కేబుల్ ఎక్కువ దూరం లాగాలి. పాత లివరు అంత లాగదు, హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా చక్రం ఆగదు. ఇనప రిమ్ములుంటే ముందు చక్రానికైనా అల్యూమినియం రిమ్ము కట్టించండి, బండిని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే. రబ్బరు రిమ్ముని మాత్రమే తాకాలి, టైరుని ఒరుసుకుంటే టైరు పక్క చిరిగిపోతుంది.

గేర్ల మీద కొత్తగా ఖర్చు పెట్టకండి. ముందు మూడు ప్లేట్లుంటే నడిమిది ఒక్కటే వాడండి. ముందు గేరు మార్చే పరికరాన్ని తీసేయకుండా, కేబుల్ తీసి, రెండు హద్దు స్క్రూలూ తిప్పి నడిమి ప్లేటు మీద స్థిరంగా నిలపండి. చైన్ జారకుండా అదే కాపలా కాస్తుంది. పెద్ద ప్లేటు మీ ప్యాంటుకి చైన్ తగలకుండా అడ్డుగా ఉంటుంది. నడిమి ప్లేటు 38 పళ్లది, వెనక 14 నుంచి 28 దాకా ఉన్న ఏడు గేర్లు అనుకుంటే, తేలిక గేరులో చుట్టుకి 2.7 మీటర్లు, బరువు గేరులో 5.4 మీటర్లు. నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకి 22-23 కిలోమీటర్ల వేగం. మీ దారికి ఎత్తు ఎక్కడానికైనా, వేగానికైనా ఇంతకన్నా అక్కర్లేదు. చెడిపోయే భాగం కూడా ఒకటి తగ్గింది.

లాప్‌టాప్ వీపు మీద కాదు, సైకిల్ మీదే వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఒక్క మార్పే మిమ్మల్ని సైకిల్ మీద నిలబెడుతుంది. సీటు రాడ్‌కి ఒంటికాలి మీద వేలాడే క్యారియర్ వద్దు. యాక్సిల్ దాకా కాళ్లుండి, 25 కిలోలు మోస్తుందని రాసి ఉన్నది తీసుకోండి. దాని పక్కన వేలాడే బ్యాగులో లాప్‌టాప్ నిలువుగా, రెండు వైపులా ఫోమ్‌తో ఉండాలి. క్యారియర్ పైన పడుకోబెట్టి కడితే ప్రతి కుదుపూ దానికే తగులుతుంది. బ్యాగు కొంచెం వెనక్కి జరిపి కట్టండి, లేకపోతే మడమ తగులుతుంది.

మడ్‌గార్డులు నిండుగా ఉన్నవి వేయించి, ముందుదానికి కింద రబ్బరు ముక్క తగిలించండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూ ఉండనివ్వండి. రిఫ్లెక్టర్ టేపుని క్రాంకుల మీద అంటించండి, పైకీ కిందకీ కదిలే వెలుగుని డ్రైవర్లు దూరం నుంచే గుర్తుపడతారు. ఫ్రేమ్‌నీ వెనక చక్రాన్నీ కలిపి వేసే యూ తాళం ఒకటి. రంగు వేయించకండి. పైన పాతగా కనిపించే సైకిల్ జోలికి దొంగలు తక్కువ వస్తారు. తుప్పున్న చోట గీకి ప్రైమర్ పూస్తే చాలు.

అన్నీ అయ్యాక నేరుగా ఆఫీసుకి వెళ్లకండి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ నానక్‌రామ్‌గూడ దగ్గర మీకు అందుబాటులోనే ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే ఆఫీసు బరువంతా క్యారియర్‌కి కట్టి అక్కడ తొక్కి చూడండి. సీటు ఇంకో అర అంగుళం లేపాలా, బ్యాగు ఊగుతోందా, బ్రేకు కేబుల్ సాగిందా అన్నీ అక్కడే తేలతాయి. కొత్త కేబుళ్లు మొదటి రెండు వారాల్లో సాగుతాయి, బెండు తీసిన చక్రంలో పుల్లలు కొంత వదులవుతాయి. పక్షం తర్వాత మళ్లీ ఒకసారి మెకానిక్‌కి చూపించి బిగింపించాలి.

ఎలక్ట్రిక్ కిట్టు సంగతి మూడు నెలల తర్వాత ఆలోచించండి. పరీక్షా సంస్థ ఆమోదంతో, మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే 1,000 వాట్ల కిట్లు ఆ హద్దులో లేవు. ముందు చక్రంలో మోటారు పెట్టేట్టయితే ఫోర్క్ ఇనపదై ఉండాలి, యాక్సిల్ తిరిగిపోకుండా పట్టే అదనపు పట్టీ ఉండాలి. మెత్తటి అల్యూమినియం ఫోర్క్ కొసలు ఆ మెలికకి విరిగిపోతాయి. చవక షాకప్ ఫోర్కులకి అసలు పెట్టించకండి.

మీరు ఇంకో సైకిల్ చూశాక టైరు పక్కనున్న మూడంకెల సంఖ్య, ముందు ప్లేట్ల పళ్ల లెక్క, సీటు రాడ్ కదిలిందో లేదో ఇక్కడే రాయండి. ఫోర్క్ మొదట్లో బ్రేకు బిగించే రెండు బొడిపెలు ఉన్నాయా అనేది కూడా ఒక ఫోటో పెడితే, ఏ బ్రేకు సెట్టు కొనాలో, ఎంత పొడవు కేబుల్ కావాలో చెప్తాను.